మా వీధి షడ్జం

మా చిన్నప్పుడు విజయనగరంలో కచేరీలు ఏ పండక్కో పబ్బానికో వినేవాళ్లం గానీ, శ్రుతి చేసుకోవడం మాత్రం రోజూ వినేవాళ్లం. అయ్యకోనేరు గట్టుకి దగ్గర్లో మా వీధి. సాయంకాలం దీపాలు పెట్టేవేళకి ఏదో ఒక ఇంట్లో ఎవరో ఒకరు తీగె బిగిస్తూనే ఉండేవారు, పక్కింటివాళ్లు పప్పులో పోపు వేస్తూనే ఉండేవారు, ఇంగువ వాసనా పంచమమూ కలిసి మా అరుగు మీదికి వచ్చేవి. చదువుకుంటున్న పిల్లలం పుస్తకంలోంచి తలెత్తకుండానే, ఇదిగో ఇది మేస్టారింటి వీణ, అది మూలింటి అత్తయ్య కొత్తగా నేర్చుకుంటున్న వయొలిన్, ఇంకా కుదరలేదు, ఇంకొంచెం ఎక్కాలి, అని చెప్పేసేవాళ్లం. మాకది ఎవరూ నేర్పలేదు. ఆ వీధిలో పెరిగితే వచ్చేసేది.

ఊరికి సంగీతం కొత్త కాదు మరి. 1919లో మహారాజావారు సంగీత కళాశాల పెట్టారు. మొదటి అధ్యక్షులు ఆదిభట్ల నారాయణదాసుగారు. ఆయన తరవాత, 1936 నుంచి, ద్వారం వెంకటస్వామి నాయుడుగారు. ఘంటసాల, సుశీల అక్కడ చదువుకున్నవాళ్లే. మా తాతయ్య ఆ కాలేజీలో ఉద్యోగస్తులేమీ కాదు. ఇంట్లో నలుగురు పిల్లలకి వయొలిన్ పాఠాలు చెప్పి, శ్రీరామనవమి పందిళ్లలో హరికథలకి పక్కవాద్యం వాయించి సంసారం ఈదుకొచ్చిన మనిషి. జీతంగా ఒకరు డబ్బులిచ్చేవారు, ఒకరు బియ్యం ఇచ్చేవారు, పూసపాటిరేగ వైపునుంచి వచ్చే ఒక కుర్రాడు కొబ్బరికాయలు తెచ్చేవాడు. నాయుడుగారి పేరు ఎత్తవలసి వస్తే మాత్రం తాతయ్య చేతిలో కమాను కిందపెట్టి మరీ ఎత్తేవారు.

ఆ ఇంట్లో నా పని శ్రుతిపెట్టె వెయ్యడం. ఇప్పటి పిల్లలు శ్రుతిపెట్టె అంటే ప్లగ్గు పెట్టేదో, ఫోన్లో ఉండేదో అనుకుంటారు. మాది టేకు పెట్టె, ముందు తోలుతిత్తి, లోపల ఇత్తడి రీడ్లు. ఎడంచేత్తో తిత్తిని మెల్లిగా తెరుస్తూ మూస్తూ ఉండాలి. గాలి తెగిపోకూడదు, ఒక్కసారిగా పొంగకూడదు. గాలి ఎక్కువైతే శ్రుతి కొద్దిగా కదులుతుందని తాతయ్య చెప్పకముందే నా చెయ్యి కనిపెట్టింది. పొద్దున్న పాలు కాగే వేళకి ఒకసారి, సాయంకాలం పాఠాల వేళ ఇంకోసారి. మధ్యలో బియ్యంలో రాళ్లేరడం, తమ్ముణ్ణి ఎత్తుకోవడం, నూతిలోంచి నీళ్లు తోడడం ఎలాగూ ఉండేవి, అవన్నీ ఒక వరసలోవే. తిత్తి మడతల్లో ఎక్కడైనా తోలు చిరిగితే నాన్నమ్మ మైదా ఉడికించి జిగురు చేసి, పాత చెప్పు తోలు పల్చగా చెక్కి అతికించేది. ఆ తడిజిగురు పులిసిన వాసన ఇప్పటికీ ఎక్కడైనా తగిలితే, నా ఎడమచెయ్యి దానంతటదే తిత్తి పట్టుకున్నట్టు వంగుతుంది.

తాతయ్య వయొలిన్ రెండున్నర శ్రుతిలో ఉండేది. హార్మోనియం తెల్లమెట్లు ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టుకుంటూ పోయి, మధ్యలో వచ్చే నల్లమెట్టుని అర అనుకోవడం మనవాళ్ల లెక్క. అలా రెండుకి పైన ఉండే నల్లమెట్టు రెండున్నర. ఆడపిల్లలు పాడటానికి వస్తే ఐదో, ఐదున్నరో. నాలుగు తీగెల్లో మొదట ఒక షడ్జం పెట్టెతో కలిపి, దానికి పంచమం, ఆ కింద షడ్జం, కింద పంచమం, ఇలా ఒకదాన్ని ఇంకోదానితో రాపాడిస్తూ పోయేవారు. రెండు తీగెలు దగ్గరికి వచ్చేసరికి నాదంలో ఒక ఊపు పుడుతుంది, ఉఁ... ఉఁ... ఉఁ... అని. తేడా తగ్గేకొద్దీ ఆ ఊపు నెమ్మదిస్తుంది. సెకనుకి రెండు కంపనాల తేడా ఉంటే సెకనుకి రెండు ఊపులు, ఒకటే ఉంటే ఒకటి. పూర్తిగా కలిసిందా, ఊపే ఉండదు. ఈ లెక్క నేను కాలేజీలో భౌతికశాస్త్రం చదివేటప్పుడు పుస్తకంలో కనబడింది. తాతయ్యకి లెక్క అక్కర్లేదు. బిరడ మీద చెయ్యి పెట్టి, కళ్లు మూసుకుని, "అమ్మలూ, అల అణిగిందా?" అని నన్ను అడిగేవారు. ఏడెనిమిదేళ్ల పిల్లని అడగవలసిన అవసరం ఆయనకి లేదు, నా చెవి ఆ మాటకి అలవాటు పడాలని అడిగేవారు. "ఇంకా ఉంది తాతయ్యా" అంటే ఇంకో వెంట్రుకవాసి తిప్పేవారు.

వానాకాలం వచ్చిందంటే బిరడలు ఉబ్బి కదిలేవి కావు. వేసవిలో ఎండిపోయి ఊరికే జారిపోయేవి. వాటికి సుద్దముక్క రాయడం నా తమ్ముడి పని, వాడు బళ్లోంచి సుద్దలు తేవడానికి అదొక మంచి సాకు. తీగె తెగితే కొత్తది వెంటనే వచ్చేది కాదు. బిరడ దగ్గర తెగితే పాత తీగె ముక్క ముడేసి మళ్లీ ఎక్కించేవారు. ముడి, బిరడల కింద తీగె ఆనే మెట్టపట్టీ దాటి కిందికి రాకుండా చూసుకుంటే చాలు, వాయించేచోట తీగె శుభ్రంగానే ఉంటుంది. అలా ముడులతోనే ఒక నవమి సీజనంతా గడిచిపోయిన ఏడూ ఉంది.

ఇంతకీ పెట్టెలోని శ్రుతి ఎక్కణ్నుంచి వచ్చింది? గంటస్తంభం నుంచి బజారులోకి వెళ్లే దారిలో హార్మోనియాలు బాగుచేసే ఒకాయన ఉండేవారు. మాకు చుట్టం కాకపోయినా మావయ్య అనే పిలిచేవాళ్లం. చిన్న గది, నేలంతా రంపపుపొట్టు, చందనం రంగు పాలిష్ వాసన, గోడకి తిత్తులు లేని హార్మోనియాలు నోళ్లు తెరుచుకుని. తాతయ్య పెట్టె తీసుకెళ్తే ఆయన మూత విప్పి రీడుని చింతాకంత కత్తితో పరీక్షించేవారు. ఇత్తడి నాలుక కొస దగ్గర కాస్త గీకితే శ్రుతి ఎక్కుతుంది, మొదలు దగ్గర గీకితే దిగుతుంది. కొస తేలికైతే తొందరగా కదులుతుంది, మొదలు పల్చబడితే పట్టు తగ్గి నెమ్మదిస్తుంది, అంతే సంగతి. "మేస్టారూ, ఈ రీడు దిగిపోనాదండి" అని ఆయన, "నువ్వే ఎక్కించాలి నాయనా" అని తాతయ్య. గీకడం, ఊదడం, ఒక పాత రీడు పక్కన పెట్టి రెండూ మోగించి వినడం, మళ్లీ గీకడం. ఆ పాత రీడు ఆయనకి వాళ్ల నాన్నగారి దగ్గర్నుంచి వచ్చిందట. మా వీధిలోని పెట్టెలూ హార్మోనియాలూ అన్నీ ఆ రీడు వారసులే. అందుకే ఒక ఇంటి వయొలిన్ ఇంకో ఇంటి వీణతో కలిసేది. లోకంలో షడ్జం ఎక్కడుందో మాకు తెలీదు గానీ మా వీధి షడ్జం ఆ గదిలో ఉండేది.

1939లోనే లండన్‌లో ఒక సమావేశం పెట్టుకుని, 'ఏ' అనే స్వరం, అంటే మన ఆరో తెల్లమెట్టు, సెకనుకి 440 కంపనాలు ఉండాలని దేశదేశాలవాళ్లు ఒప్పుకున్నారు. ఆ ఒప్పందం మా బజారు గదిదాకా రాలేదు, వచ్చే అవసరమూ లేదు. మనకి పాడేవారి గొంతుని బట్టి షడ్జం. దానికి తగ్గట్టు తక్కినవన్నీ.

నవమి పందిళ్ల రోజులు మాత్రం వేరు. చైత్రమాసం, సాయంకాలానికి గాలి తిరిగేది, పానకంలో మిరియం ఘాటు, వడపప్పులో పచ్చిమామిడి తురుము, పెట్రొమాక్సు లైటు చుట్టూ పురుగులు. హరికథ చెప్పే దాసుగారు గజ్జెలు కట్టుకుని చిడతలు సవరించుకుంటూ ఉంటే, మృదంగం మావయ్య ఎడమమూతకి రవ్వముద్ద మెత్తి, కుడిమూత అంచున రాయితో కొట్టుకుంటూ శ్రుతి చేసుకునేవారు. చుట్టూ పిల్లల గోల, మైకులో 'హలో హలో', సోడాబండివాడి గంట. ఆ గొడవలో పెట్టె శబ్దం నాకే వినబడేది కాదు, వేస్తున్నదాన్ని నేనే! అప్పుడు తాతయ్య ఏంచేసేవారంటే, వయొలిన్ తలకాయని, బిరడలుండేచోట, చెవి ముందరి ఎముకకి ఆనించుకుని, తీగెని బొటనవేలితో మీటేవారు. బయటి గోల ఎంతున్నా చెక్కలో అదురు ఎముకలోకి నేరుగా వచ్చేస్తుంది. ఒకసారి నా చెవి దగ్గరా ఆనించి మీటారు. ఊరంతా ఎక్కడికో పోయి ఒక్క పంచమమే తలలో నిండిపోయింది.

పది గంటలు దాటాక మంచు దిగితే తీగెలు కదిలేవి. పెట్రొమాక్సు వేడికి ఒకవైపు, మంచుకి ఇంకోవైపు. దాసుగారు పిట్టకథ ఎత్తుకుని జనాన్ని నవ్వించే ఆ కాస్త వ్యవధిలో తాతయ్య చప్పుడు కాకుండా సరిచేసుకునేవారు. నాకు నిద్రముంచుకొచ్చేది, చెయ్యి మాత్రం తిత్తి మీద ఆడుతూనే ఉండేది.

తరవాత కాలం తిరిగింది. డెబ్భైల చివర బెంగళూరులో వేణువు వాయించే ఇంజనీరు ఒకాయన, జి. రాజ్ నారాయణ్ గారు, ఎలక్ట్రానిక్ శ్రుతిపెట్టె తయారుచేశారు. మాకది చేరేసరికి నేను పెళ్లయి విశాఖపట్నం వచ్చేశాను. మేం రీడ్లు గీకించుకుంటున్న కాలంలోనే, 1975లో, జపాన్‌లో కోర్గ్ వాళ్లు చేత్తో పట్టుకునే ట్యూనర్ తెచ్చారని చాలా ఏళ్లకి తెలిసింది. తీగె మోగిస్తే ముల్లు కదిలి ఎక్కువో తక్కువో చెప్పే యంత్రం. అప్పట్లో అది మా ఊహకే అందని వస్తువు. ఇప్పుడు ఐదారువందల రూపాయలు పెడితే అగ్గిపెట్టెకన్నా చిన్నది వయొలిన్ తలకి క్లిప్పులా తగిలించుకునేది దొరుకుతోంది.

మా మనవరాలు వయొలిన్ మొదలెట్టాక దానికోసం ఈ ట్యూనర్లని నేను చాలా శ్రద్ధగానే చూశాను. తాతయ్య పనిలో ఏ భాగం ఈ యంత్రం చెయ్యగలదు, ఏది చెయ్యలేదు అన్నదే నా చూపు. మొట్టమొదట చూడవలసింది, అది క్రొమాటిక్కా కాదా అని. అంటే పన్నెండు స్వరాల్నీ పట్టేది కావాలి. చవకలో కొన్ని గిటారుకో, పాశ్చాత్య వయొలిన్‌కో కట్టుబడి ఉంటాయి. అవి జీ, డీ, ఏ, ఈ అనే నాలుగు తీగెల్నే గుర్తిస్తాయి. మన వయొలిన్ సా-పా-సా-పా కదా, రెండున్నరలో పెడితే సా అంటే డీ షార్ప్, పా అంటే ఏ షార్ప్. అలాంటి యంత్రం ముందు మన తీగె ఎంత బాగున్నా ఎర్రదీపమే. కొన్ని ఇదే స్వరాన్ని ఈ ఫ్లాట్ అనీ, బీ ఫ్లాట్ అనీ చూపిస్తాయి, పిల్లలు కంగారుపడతారు, రెండూ ఒకటే అని ముందే చెప్పిపెట్టాలి.

రెండోది క్లిప్పు. మైకుతో వినే రకాలు నిశ్శబ్దమైన గదిలో బాగానే పనిచేస్తాయి, ఫోన్లో ఉచితంగా దొరికేవీ అంతే, ఇంట్లో సాధనకి అవి చాలు, డబ్బు పెట్టనక్కర్లేదు. కానీ నలుగురు పిల్లలు ఒక్కచోట కూర్చుని ఒకేసారి మీటుకుంటుంటే మైకు ఎవరి తీగెని వినాలి? క్లిప్పురకంలో పియెజో అనే చిన్నబిళ్ల ఉంటుంది, అది గాలిలోని చప్పుడు కాకుండా చెక్క అదురునే పట్టుకుని విద్యుత్తుగా మారుస్తుంది. షాపులో అది చూసినప్పుడు కుర్రాడు చెబుతున్నది నాకు సగమే వినబడింది. నవమి పందిట్లో తాతయ్య వయొలిన్‌ని ఎముకకి ఆనించుకున్నది ఇందుకే కదా!

మూడోది చాలామంది పట్టించుకోరు గానీ నాకు అదే ముఖ్యం. 440ని అటూ ఇటూ జరుపుకునే వీలుండాలి. మంచివి 430 నుంచి 450 దాకా జరుగుతాయి. తాతయ్య హార్మోనియం మా తమ్ముడింట్లో ఉంది, ఇప్పటికీ మోగుతోంది. దాని ఆరో తెల్లమెట్టు నొక్కి ట్యూనర్ దగ్గర పెట్టాను. 440 దగ్గర ముల్లు కుడివైపుకి పోయింది. ఒక్కొక్కటే పెంచుకుంటూ 444కి వచ్చేసరికి మధ్యలో నిలబడి పచ్చదీపం వెలిగింది. బజారు మావయ్య వాళ్ల నాన్నగారి రీడు, మా వీధి శ్రుతి, అది 444 అన్నమాట. అంత వయసొచ్చాక మా వీధికి ఒక అంకె ఉందని తెలియడం నాకు ఎంత సంతోషమనిపించిందో చెప్పలేను. తమ్ముడు వెంటనే కాగితం మీద రాసి హార్మోనియం మూతలోపల అంటించాడు.

ఇక యంత్రం చెయ్యలేనిది. ట్యూనర్లు అష్టకాన్ని పన్నెండు సమానభాగాలు చేస్తాయి, ఒక్కో భాగానికి నూరు సెంట్లు. పంచమం వాటి లెక్కలో 700, చెవికి ఊపు లేకుండా కలిసే పంచమం 702. ఆ తేడా ఎవరికీ పట్టదు. కానీ అంతరగాంధారం వాటి లెక్కలో 400, తంబురాలో మంద్రషడ్జం మోగుతున్నప్పుడు తనంత తాను వినబడే గాంధారం 386. పద్నాలుగు సెంట్ల తేడా చెవికి బాగా తెలుస్తుంది. అందుకే మా మనవరాలికి సా, పా వరకే దాన్ని చూసుకోమన్నాను. సా, పా కలిపాక దీపం ఆర్పేసి, పా తీగెని సా తో కలిపి కమానుతో లాగి వినమంటాను. "అమ్మమ్మా, ఊగుతోందింకా" అంటుంది. అంటుందంటే నాకు చాలు, తిప్పేది అదే. మొదట్లో బిరడ తిప్పలేక తీగె తెంపేసేది, ఇప్పుడు కింద ఉండే చిన్నమరలతో వెంట్రుకవాసి సర్దుకుంటోంది.

తంబురాకైతే ఇంకో సంగతి ఉంది. జీవాళి దారం పెట్టాక ఒక్క తీగెలోంచి ఎన్నో స్వరాలు లేస్తాయి, ట్యూనర్ ఏది చూపాలో తెలీక గెంతుతూ ఉంటుంది. దారం తీసేసి, తీగెని మధ్యలో మెల్లిగా మీటి, మీటిన క్షణం కాక ఒక లిప్త ఆగి ముల్లుని చూడాలి. కలిశాక దారం పెట్టుకోవచ్చు. మృదంగానికి మాత్రం ఈ యంత్రాల మీద నాకు నమ్మకం లేదు, నాదం అంత తొందరగా ఆరిపోతుంది. రాయీ చెవీ ఉండనే ఉన్నాయి.

ఇక కొనేటప్పుడు తెర వెలుతురున్నది, కచ్చితత్వం ఒక సెంటు అటూఇటూలో ఉన్నది, వాయించడం ఆపేస్తే తనంత తాను ఆరిపోయేది చూసుకుంటే చాలు. చిన్న గుండ్రం బ్యాటరీ వేసేది అయితే ఒకటి అదనంగా వయొలిన్ పెట్టెలో రోజిన్ పక్కన పడేసి ఉంచాలి. బ్రాండు పేరుకి వెయ్యి రూపాయలు పెట్టనక్కర్లేదు. నేను కొన్నది అంతకి సగమే, మూడు నవములు దాటింది, బాగుంది.

మొన్న తమ్ముడు ఫోన్ చేశాడు. వాడి మనవడు కూడా మొదలెడుతున్నాడట, తాతయ్య వయొలిన్‌కి కొత్త తీగెలు వేయిస్తున్నారట. "ఏది కొనమంటావే అక్కా?" అన్నాడు. పైన చెప్పినవన్నీ చెప్పాను. కాసేపు ఆగి, "మరి 440లో పెట్టాలా, 444లోనా?" అని అడిగాడు. బళ్లో నలుగురితో కలిసి వాయించేటప్పుడూ, ఎలక్ట్రానిక్ పెట్టె వేసుకున్నప్పుడూ 440 అన్నాను. ఇంట్లో తాతయ్య హార్మోనియం వేసి కూర్చున్నప్పుడు మటుకు 444. పిల్లాడికి రెండూ అలవాటు చెయ్యి, మీట నొక్కితే మారిపోతుంది అన్నాను. ఆదివారం వెళ్లి కొంటానన్నాడు.